కాలి కింద తళుకు

రేసు ట్రాక్ నుంచి మామూలు కార్లలోకి వచ్చిన అల్యూమినియం పెడళ్లు చూపుకు బాగుంటాయి. బిగింపులో తేడా వస్తే మాత్రం బ్రేకుకే ఎసరు

కొత్త కారు ఇంటికొచ్చిన నెల తిరక్కుండానే చాలామంది దానికి సొగసులు అద్దడం మొదలుపెడతారు. సీటు కవర్లు, స్టీరింగ్ తొడుగు, మ్యూజిక్ సిస్టమ్ అయ్యాక చూపు పెడళ్ల మీదికి మళ్లుతుంది. ఢిల్లీలో కరోల్‌బాగ్, చెన్నైలో జనరల్ ప్యాటర్స్ రోడ్, బెంగళూరులో జెసి రోడ్... కార్ల అలంకరణ సామగ్రి అమ్మే ఏ వీధికి వెళ్లినా తళతళలాడే అల్యూమినియం పెడల్ సెట్లు దొరుకుతాయి. గేర్లు మార్చుకునే కార్లకు మూడు, ఆటోమేటిక్ కార్లకు రెండు. బిగించడానికి ఎక్కువ సేపు పట్టదు. అందుకే సీటు కవర్ మార్చినంత తేలిగ్గా ఆ పని కానిచ్చేస్తారు. చిక్కల్లా అక్కడే. సీటు కవర్ జారితే కూర్చున్నవారికే ఇబ్బంది. బ్రేకు పెడల్ తొడుగు జారితే రోడ్డు మీదున్న వారందరికీ ప్రమాదం.

ఈ మోజు రేసు కార్ల నుంచి వచ్చింది. అల్యూమినియం బరువు ఉక్కులో సుమారు మూడో వంతే. ప్రతి గ్రామునూ లెక్కేసుకునే రేసు కారులో పెడల్‌ను ఆ లోహంతో చేసి, దానికి మళ్లీ రంధ్రాలు వేసి ఇంకాస్త బరువు తగ్గించేవారు. మలుపు దగ్గర రేసు డ్రైవర్ పాదం ముందు భాగంతో బ్రేకు నొక్కుతూనే, అదే పాదం పక్క భాగంతోనో మడమతోనో యాక్సిలరేటర్‌ను తడతాడు. అందుకు వెడల్పాటి, గట్టి పెడళ్లు అనువుగా ఉంటాయి. పలుచని అడుగున్న రేసు బూట్లలోంచి పెడల్ కదలిక పాదానికి స్పష్టంగా తెలుస్తుంది.

మామూలు కారులో ఈ ప్రయోజనాలు పెద్దగా దక్కవు. మార్కెట్లో దొరికే సెట్లలో చాలావరకు అసలు పెడళ్లు కావు, వాటి మీద బిగించే తొడుగులు. ఉక్కు పెడల్ అలాగే ఉంటుంది, దాని మీద మరో పలక చేరుతుంది. అంటే బరువు తగ్గకపోగా కాస్త పెరుగుతుంది. ఇక మడమతో యాక్సిలరేటర్ తట్టే విద్య ఆఫీసుకు వెళ్లొచ్చే దారిలో ఎవరికీ అక్కర్లేదు.

అలాగని లోహాన్నే దోషిగా నిలబెట్టడమూ సరికాదు. కార్ల కంపెనీలే స్పోర్ట్స్ మోడళ్లకు ఇలాంటి పెడళ్లు అమర్చి అమ్ముతున్నాయి. భారత్‌లో 2013లో విడుదలైన ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్ఐ, 2021లో వచ్చిన హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ అందుకు ఉదాహరణలు. అలాంటి పెడల్ పరిమాణం, ఎత్తు, పక్క పెడల్‌తో ఎడం, రబ్బరు బొడిపెల అమరిక అన్నీ ఆ కారు కోసమే నిర్ణయించినవి. మంచి సెట్‌తో కొన్ని లాభాలూ ఉన్నాయి. మామూలు రబ్బరు ప్యాడ్ ఏళ్ల తరబడి వాడేసరికి నున్నగా అరిగిపోతుంది, అల్యూమినియం అంత త్వరగా అరగదు. బురద అంటినా గుడ్డతో తుడిస్తే పోతుంది. బొడిపెలు పదునుగా ఉన్నంతకాలం పట్టూ బాగుంటుంది.

కష్టాలు వానాకాలంలో మొదలవుతాయి. తడిసిన చెప్పుతో కారెక్కినప్పుడు రబ్బరు మీద పాదం నిలిచినంతగా నున్నటి లోహం మీద నిలవదు. చవక సెట్లలో బొడిపెలు అరిగినా, ఊడినా మిగిలేది ఉత్త రేకే. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వెళుతున్న కారు సెకనుకు 20 మీటర్లు దూసుకుపోతుంది. పాదం జారి, మళ్లీ బ్రేకును అందుకోవడానికి అర సెకను పట్టినా కారు 10 మీటర్లు ముందుకెళ్లి ఉంటుంది. మన దగ్గర చెప్పులు పక్కన పెట్టి వట్టి కాళ్లతో నడిపేవారూ తక్కువేం కాదు. మే నెల ఎండలో నిలిపిన కారులో రబ్బరు వేడెక్కినా చురుక్కుమనదు. అల్యూమినియం వేడిని రబ్బరు కంటే వందల రెట్లు వేగంగా పాదానికి చేరవేస్తుంది.

అంతకంటే పెద్ద సమస్య కొలతలది. చాలా కార్లలో బ్రేకు పెడల్ యాక్సిలరేటర్ కంటే కాస్త ఎత్తులో ఉంటుంది. ఒకే పాదం రెండింటినీ ఒకేసారి నొక్కకుండా చేసిన ఏర్పాటిది. అన్ని కార్లకూ సరిపోతుందంటూ అమ్మే తొడుగు వెడల్పుగా ఉంటే రెండు పెడళ్ల మధ్య ఎడం తగ్గుతుంది, మందంగా ఉంటే ఎత్తు మారుతుంది. పొడవు ఎక్కువైతే యాక్సిలరేటర్ కింది అంచు మ్యాట్‌కు తగులుతుంది. కొన్ని సెట్లను బిగించడానికి పెడల్‌కే రంధ్రాలు వేస్తారు. ఇప్పటి కార్లలో యాక్సిలరేటర్ చాలావరకు ప్లాస్టిక్‌తో చేసిన, సెన్సర్ ఉన్న భాగం. దానికి రంధ్రం వేస్తే పగుళ్లిచ్చే ప్రమాదం ఉంది.

ఇవి ఊహించి భయపడుతున్న సంగతులు కావు. 2009 ఆగస్టులో అమెరికాలోని శాన్ డియేగో దగ్గర ఒక లెక్సస్ కారు అదుపు తప్పి నలుగురు మరణించారు. ఆ కారులో వేరే మోడల్‌కు చెందిన మ్యాట్ వేశారని, దానిలో యాక్సిలరేటర్ చిక్కుకుందని దర్యాప్తులో తేలింది. ఆ తర్వాత టయోటా సుమారు 38 లక్షల వాహనాలను రీకాల్ చేసింది. మరమ్మతులో భాగంగా పెడల్ ఆకారాన్నీ మార్చాల్సి వచ్చింది. 2024 ఏప్రిల్‌లో టెస్లా 3,878 సైబర్‌ట్రక్‌లను రీకాల్ చేయడానికి కారణం అచ్చంగా పెడల్ తొడుగే. ఫ్యాక్టరీలో దాన్ని ఎక్కించడానికి సులువుగా ఉంటుందని సబ్బు వాడారు. దాంతో తొడుగు పట్టు తప్పి, పైకి జారి, పై ప్యానెల్‌లో ఇరుక్కుని యాక్సిలరేటర్ నొక్కినట్టే ఉండిపోయే ప్రమాదం ఏర్పడింది. అంత పెద్ద కంపెనీ ఫ్యాక్టరీలోనే జరిగిన పొరపాటు వీధి చివరి షాపులో జరగదనుకోవడం అత్యాశే.

చట్టం సంగతీ గుర్తుంచుకోవాలి. కంపెనీ నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నిషేధిస్తోంది. కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణ అనధికార మార్పులకు జరిమానా, జైలుశిక్ష చేర్చింది. పెడల్ తొడుగు రిజిస్ట్రేషన్ పత్రంలోకి ఎక్కే వివరం కాదు కాబట్టి దీనికోసం ఎవరూ కారు ఆపకపోవచ్చు. కానీ పెడల్‌కు రంధ్రం పడ్డాక వారంటీ విషయంలో కంపెనీతో పేచీ తప్పకపోవచ్చు.

సరదా తీర్చుకోవాలనుకునేవారికి దారి లేకపోలేదు. ఆ మోడల్ కోసమే కంపెనీ అమ్మే సెట్‌ను, అదీ రంధ్రాలు అవసరం లేనిదాన్ని ఎంచుకోవాలి. అధీకృత సర్వీసు కేంద్రంలోనే బిగించాలి. ఇంజిన్ ఆపి ఉంచి ఒక్కో పెడల్‌ను చివరిదాకా నొక్కి, చేత్తో పక్కలకు కదిపి చూడాలి. మ్యాట్‌కు తగలకూడదు, రవ్వంత కూడా కదలకూడదు. నెలకోసారి స్క్రూలు, బొడిపెలు పరీక్షించాలి. విశాఖ, చెన్నై లాంటి సముద్రతీర నగరాల్లో ఉక్కు స్క్రూ, అల్యూమినియం కలిసే చోట ఉప్పు తేమకు తుప్పు పట్టే అవకాశం ఉంది కనుక అక్కడ మరింత జాగ్రత్త అవసరం.

పాత కారు కొనేవారికి మరో హెచ్చరిక. మీటరు చూపే కిలోమీటర్లు నిజమో కాదో తేల్చడానికి అనుభవజ్ఞులు ముందు చూసేది పెడల్ రబ్బరు అరుగుదలనే. కొత్త తొడుగు ఆ ఆనవాలును కప్పేస్తుంది. బేరం కుదుర్చుకునే ముందు దాన్ని విప్పించి చూడటం మంచిది.

ఇవన్నీ తలనొప్పి అనుకుంటే సులువైన మార్గం ఒకటుంది. అరిగిన రబ్బరు ప్యాడ్ తీసేసి అదే కంపెనీ కొత్తది వేయించుకోవడం. అది మెరవదు. కానీ వానలో తడిసిన చెప్పుతో బ్రేకు తొక్కినప్పుడు పాదాన్ని పట్టి ఉంచుతుంది.