అమ్మాయిల మోకాలికే ఎందుకంత ముప్పు?

2022-23 సీజన్‌లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ ఆర్సెనల్ మహిళల జట్టులో బెత్ మీడ్, వివియానె మీడెమా, లియా విలియమ్‌సన్, లారా వీన్‌రోయిథర్ ఒకరి తర్వాత ఒకరు ఒకే గాయంతో మూలనపడ్డారు. నలుగురికీ మోకాలిలోని ఏసీఎల్ అనే లిగమెంటు తెగింది. వాళ్లలో మొదటి ముగ్గురూ 2023 ప్రపంచకప్‌కు దూరమయ్యారు. మన స్మృతి మంధానకూ 2017 జనవరిలో ఆస్ట్రేలియాలో మహిళల బిగ్‌బాష్ ఆడుతుండగా ఇదే గాయమైంది.

తొడ ఎముక కింద కాలి ఎముక ముందుకు జారిపోకుండా, మోకాలు మెలిపడకుండా పట్టి ఉంచేది ఈ లిగమెంటే. చాలాసార్లు ఎవరూ ఢీకొట్టకుండానే తెగిపోతుంది. ఎగిరి కిందికి దిగేటప్పుడో, పరుగులో ఉన్నట్టుండి దిశ మార్చినప్పుడో మోకాలు లోపలికి వాలితే బరువంతా దాని మీదే పడుతుంది. శస్త్రచికిత్స చేయించుకుని మళ్లీ మైదానంలోకి దిగడానికి తొమ్మిది నెలలో, ఏడాదో పడుతుంది. ఒకే ఆట ఆడే ఆడా మగా మధ్య పోల్చి చూస్తే ఈ గాయం ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు, కొన్ని అధ్యయనాల్లో ఇంకా ఎక్కువ.

కారణం అడిగితే ఏళ్ల తరబడి వచ్చిన జవాబు ఒకటే: ఒంటి తీరు. ఆడవాళ్ల కటి వెడల్పు, హార్మోన్ల హెచ్చుతగ్గులు, తొడ వెనక కండరాల బలహీనత. ఇవేవీ కొట్టిపారేయాల్సినవి కావు. అయితే 2021లో జోఆన్ పార్సన్స్, స్టెఫనీ కోయెన్, షెరీ బెకర్ అనే పరిశోధకులు బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో ఒక ప్రశ్న వేశారు. ఇరవై ఏళ్లకు పైగా ఒంటినే పరిశీలిస్తున్నా ఈ తేడా తగ్గలేదు కదా, ఆ ఒళ్లు పెరిగిన వాతావరణాన్ని కూడా చూడాలి కదా అని.

ఆ వాతావరణం చిన్నప్పుడే మొదలవుతుంది. గోడలెక్కడం, గెంతడం, పడి లేవడం మగపిల్లాడికి ఆటలో భాగం. ఆడపిల్లకు మాత్రం "నెమ్మదిగా నడువు", "ఎండలో తిరిగితే నల్లబడతావు" అన్న మాటలే ఎక్కువ. రజస్వల అయ్యాక చాలా ఇళ్లలో ఆట ఆగిపోతుంది. 11 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో ఒంటికి చాలినంత కదలిక లేనివాళ్లు అబ్బాయిల్లో 78 శాతం, అమ్మాయిల్లో 85 శాతమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నాటి గణాంకాలు చెబుతున్నాయి. ఎగిరి మెత్తగా దిగడం పుట్టుకతో వచ్చేది కాదు, వేలసార్లు ఎగిరితేనే అబ్బేది.

తర్వాతి మెట్టు బరువులెత్తే శిక్షణ. తొడ వెనక కండరం బలంగా ఉంటే కింది ఎముకను వెనక్కి లాగి ఏసీఎల్‌ను కాపాడుతుంది. ఆ బలం జిమ్‌లో వస్తుంది. బరువులు మాత్రం మగవాళ్ల వ్యవహారంగానే చలామణీ అయ్యాయి. వెయిట్‌లిఫ్టింగ్ పురుషులకు 1896 ఒలింపిక్స్‌లోనే ఉంది, మహిళలకు 2000 దాకా లేదు. శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి సిడ్నీలో కాంస్యం గెలిచింది ఆ మొదటి పోటీల్లోనే. 2021లో అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నీలో పురుషులకు పెద్ద వ్యాయామశాల ఏర్పాటు చేసి, మహిళలకు ఒక చిన్న డంబెల్స్ స్టాండు, కొన్ని యోగా చాపలు ఇచ్చారు. సెడోనా ప్రిన్స్ అనే క్రీడాకారిణి వీడియో పెట్టాకే నిర్వాహకులు కదిలారు.

మైదానం, బూట్లు కూడా ఇదే కథ చెబుతాయి. 2015లో కెనడాలో మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్‌ను పూర్తిగా కృత్రిమ గడ్డి మీద ఆడించారు. పురుషుల ప్రపంచకప్‌ను ఎన్నడూ అలా ఆడించలేదు. ఇక యూరప్ క్లబ్బుల సంఘం 2023లో వెల్లడించిన సర్వేలో 82 శాతం మహిళా క్రీడాకారులు తమ బూట్లు ఇబ్బంది పెడుతున్నాయన్నారు. మగవాళ్ల పాదం కొలతతో చేసిన బూట్లతోనే చాలామంది నెట్టుకొస్తున్నారు.

గాయాల లెక్కలోనూ ఒక మెలిక ఉంది. రేటును ఆడిన గంటలతో భాగించి చెబుతారు. సాధన కంటే మ్యాచ్‌లో ముప్పు చాలా ఎక్కువ. పది రెట్లు అనుకుందాం. అబ్బాయిల జట్టు వారానికి పది గంటలు సాధన చేసి ఒక గంట మ్యాచ్ ఆడింది. అమ్మాయిలకు మైదానం దొరికింది నాలుగు గంటలే, మ్యాచ్ మాత్రం అదే గంట. సాధన గంటకు ఒక పాయింటు, మ్యాచ్ గంటకు పది పాయింట్లు వేసుకుంటే అబ్బాయిల సగటు ముప్పు గంటకు 1.8, అమ్మాయిలది 2.8. మోకాళ్లలో ఏ తేడా లేకపోయినా అమ్మాయిలకు ఒకటిన్నర రెట్లు ముప్పున్నట్టు కాగితం మీద కనిపిస్తుంది. నిజానికి అక్కడ తగ్గింది వాళ్లకు దొరికిన సాధన సమయం.

వాతావరణం మారితే ఫలితం మారుతుందా? రెండు అధ్యయనాలు చూడండి. అమెరికా సైన్యంలో కొత్తగా చేరినవాళ్ల ప్రాథమిక శిక్షణపై 2000లో వచ్చిన అధ్యయనంలో ఆడవాళ్ల గాయాలు మగవాళ్లకు రెట్టింపుకు పైగా తేలాయి. చేరేనాటి దేహదారుఢ్యాన్ని లెక్కలోకి తీసుకోగానే ఆ తేడా దాదాపు మాయమైంది. 2008లో బ్యాలే, మోడర్న్ డ్యాన్సర్లను ఐదేళ్లు గమనించిన మరో అధ్యయనంలో ఏసీఎల్ గాయాలు అసలే తక్కువ, ఆడా మగా మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. డ్యాన్సర్లలో ఆడపిల్లలూ చిన్ననాటి నుంచే ఎగిరి దిగడం నేర్చుకుంటారు.

ఈ రెండూ ఒంటి పాత్రను కాదనవు. కానీ ఒంటి మీద నెపం వేసి ఊరుకుంటే భారమంతా అమ్మాయిదే అవుతుంది. చేయగలిగిన పనులు కళ్లెదుటే ఉన్నాయి. ఫిఫా రూపొందించిన 11+ అనే వార్మప్‌కు ఇరవై నిమిషాలు చాలు, బంతి తప్ప పరికరాలు అక్కర్లేదు. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల అమ్మాయిలతో చేయించినప్పుడు మొత్తం గాయాలు మూడో వంతు దాకా తగ్గాయి.

మీ అమ్మాయిని ఏ అకాడమీలోనో, స్కూలు జట్టులోనో చేర్చేటప్పుడు ఫీజుతో పాటు కొన్ని ప్రశ్నలు అడగండి. అబ్బాయిలకున్నంత సేపు మైదానం ఇస్తారా? బరువులతో శిక్షణ ఉందా? ఎగిరి దిగడం నేర్పుతారా? మోకాలు నొప్పంటే చూసే ఫిజియో ఉన్నారా? వీటికి సూటిగా జవాబు రాని చోట, రేపు గాయమైతే దాన్ని అమ్మాయి ఒంటి తీరు ఖాతాలో వేయడం అన్యాయం.