ఆంగ్లేయుల వాడుకలో క్రియాకాలములు

కాలము వేఱు, క్రియారూపము వేఱు. ఈ భేదమును డెన్మార్కు దేశపు భాషాశాస్త్రజ్ఞుడు ఓటో యెస్పర్సన్ 1924లో వెలువడిన 'ఫిలాసఫీ ఆఫ్ గ్రామర్' అను గ్రంథమున విశదీకరించెను. పాఠశాలలో మనము వల్లించిన పండ్రెండు కాలముల పట్టిక ఈ సంగతిని మఱుగుపఱచుచున్నది. ఆంగ్లము మాతృభాషగా గలవారు ఇంటిలోను అంగడిలోను మాటలాడునపుడు, క్రియారూపము పని ఎప్పుడు జరిగినదో చెప్పి ఊరకుండదు; ఆ పనికిని తమకును ఇప్పుడున్న సంబంధమును గూడ తెలుపును.

'ఐ లాస్ట్ మై కీ' అనినచో తాళపుచెవి ఒకప్పుడు పోయినదని మాత్రమే అర్థము, తరువాత దొరికియుండవచ్చును. 'ఐ హావ్ లాస్ట్ మై కీ' అనినచో అది ఇంకను దొరకలేదనియు, ఇప్పుడు తలుపు తెఱచుట ఎట్లనియు వినువారు గ్రహింతురు. బ్రిటనులో ఈ భేదమును ఎక్కువగా పాటింతురు. అమెరికావారు రెండవ సందర్భమున గూడ తఱచుగా మొదటి రూపమునే వాడుదురు.

భవిష్యత్తును తెలుపుటకు ఆంగ్లమున ప్రత్యేకమైన క్రియాప్రత్యయము లేదు. పలు మార్గములు కలవు. 'ఐ విల్ కాల్ హిమ్' అనునది సాధారణముగా అప్పటికప్పుడు తోచిన నిశ్చయము. 'ఐ యామ్ గోయింగ్ టు కాల్ హిమ్' అనునది ముందే తలపెట్టినది. 'ఐ యామ్ మీటింగ్ హిమ్ టుమారో' అనుటలో ఇరువురును కుదుర్చుకొన్న ఏర్పాటు ధ్వనించును. 'ద ట్రెయిన్ లీవ్స్ ఎట్ సిక్స్' అనునది వేళలపట్టికలోని మాట.

భూతకాలరూపము మర్యాదకును పనికివచ్చును. 'ఐ వాంటెడ్ టు ఆస్క్ యూ సంథింగ్' అనువాడు అడుగదలచినది నిన్న కాదు, ఇప్పుడే. కోరికను ఒక అడుగు వెనుకకు నెట్టి, ఎదుటివారికి కాదనుటకు చోటిచ్చుచున్నాడు. ఇది మనకు వింతకాదు. క్రొత్తవారిని 'మీ పేరేమన్నారు?' అని మనము అడుగుట లేదా? వీధిమలుపునందే యుండి 'ఇదిగో, వచ్చేశాను' అని కేకవేయుట లేదా?

ఈ సూక్ష్మము తెలియకున్నచో కలుగు చిక్కు చిన్నది కాదు. 'ఈ మందు రెండేండ్లనుండి వాడుచున్నాను' అను తెలుగు మాటలో వాడుక సాగుచున్నట్లు స్పష్టము. దానిని లండనులో వైద్యునితో 'ఐ టుక్ ఇట్ ఫర్ టూ యియర్స్' అని చెప్పినచో, రోగి ఆ మందు మానివేసెనని ఆయన తలచును. 'ఐ హావ్ బీన్ టేకింగ్ ఇట్ ఫర్ టూ యియర్స్' అనినప్పుడే నిజము తెలియును. వేఱొక మందు వ్రాయుటకు ముందు వైద్యుడు ఎఱుగవలసినది ఈ సంగతియే కదా!

కావున రేడియోలో ఆంగ్ల సంభాషణ వినునపుడు, అది ఏ కాలమని మాత్రమే విచారింపక, వక్త ఆ రూపమును ఏల ఎన్నుకొనెనో గూడ గమనింపుడు. పట్టిక చెప్పని పాఠమును చెవి చెప్పగలదు.