కారు కారినప్పుడు

ప్రొద్దుట ఇంటి ముంగిట నిలిపిన కారు క్రింద అరచేయంత తడి కనబడినచో మనలో పెక్కుమంది దానిని పట్టించుకొనరు. నేనును పట్టించుకొనలేదు. దాని ఫలము రెండు వారముల పిమ్మట, ఎండ మండు మధ్యాహ్నమున, దోర్నాల దాటి శ్రీశైలము ఘాటురోడ్డు ఎక్కుచుండగా తెలిసివచ్చినది. వేడిని చూపు ముల్లు ఎఱ్ఱగీటును దాటినది. బానెటు సందులనుండి ఆవిరి వెలువడినది. వెనుక సీటులో మా అమ్మగారు, పిల్లలు ఉన్నారు. నేను చేతికి తువాలు చుట్టుకొని రేడియేటరు మూత త్రిప్పబోవుచుండగా, అటుగా వచ్చిన లారీ డ్రైవరొకరు కేకవేసి ఆపిరి. "ఆగండి సార్! ఇప్పుడు మూత తీస్తే మొహం కాలిపోతుంది" అనిరి. ఆ మాటయే ఈ ప్రసంగమునకు మూలము.

అంబాసిడరు, మారుతి 800 కార్ల తయారీ 2014లోనే ఆగిపోయినను, అట్టి పాత కార్లను బిడ్డలవలె చూచుకొను కుటుంబములు నేటికిని ఉన్నవి. వారికి ఈ విషయము ముఖ్యముగా తెలియవలెను.

పెట్రోలు మండగా పుట్టిన వేడిలో చక్రములను త్రిప్పుటకు వినియోగపడునది ఇంచుమించు మూడవవంతునకు మించదు. తక్కినదానిలో కొంత పొగగొట్టము గుండ పోవును. కొంత ఇంజను గోడలకు ఎక్కును. ఈ వేడిని ఎప్పటికప్పుడు తరలించునదే మన మెకానిక్కులు కూలెంటు అను ద్రవము. పంపు దానిని ఇంజను చుట్టును త్రిప్పి రేడియేటరులోనికి నెట్టును. అచ్చటి సన్నని గొట్టములలో గాలి తాకిడికి చల్లబడి అది మరలివచ్చును. నీరు సామాన్యముగా 100 డిగ్రీలకు మరుగును గదా! మూతలోని స్ప్రింగు లోపలి ఒత్తిడిని నిలిపి ఆ హద్దును సుమారు 120 డిగ్రీల వరకు పెంచును. వేడిమీద మూత తీసినచో ఒత్తిడి ఒక్కుమ్మడిగా పడిపోయి, ద్రవము భగ్గున మరిగి పైకి చిమ్మును. ప్రెషరు కుక్కరు వాడు గృహిణులకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

కావున ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మటనే పరీక్ష ఆరంభింపవలెను. మొదట ఆ తడి ఏమిటో తెలిసికొనుడు. రంగు, వాసన లేని నీరైనచో అది ఏసీనుండి కారిన నీరు కావచ్చును, భయము లేదు. పచ్చగానో, నీలముగానో, ఎఱ్ఱగానో ఉండి, వ్రేళ్లకు జిడ్డుగా తగిలినచో అది కూలెంటు. రాత్రి కారు క్రింద పాత వార్తాపత్రిక పరచినచో మరక పడినచోటు తెల్లవారునప్పటికి దారి చూపును. రబ్బరు గొట్టముల కొనలు, వాటి క్లిప్పులు, రేడియేటరు అతుకులు, పంపు అడుగున నుండు చిన్న రంధ్రము, వీనిని వరుసగా చూడవలెను. ఆరిపోయిన ద్రవము అచ్చట తెల్లని పొడివలె అంటియుండును. బయట తడి లేకయే ద్రవము తగ్గుచు, పొగ తెల్లగా వచ్చుచు, ఇంజనాయిలు పాలు కలిపిన కాఫీవలె మారినచో లోపలి గాస్కెట్టు చెడినదని శంకింపవలెను. అది ఇంటిలో బాగుచేయు పని కాదు.

రబ్బరు గొట్టము మార్చుట మాత్రము కష్టము కాదు. రేడియేటరు అడుగు బిరడా విప్పి ద్రవమును పళ్లెములోనికి పట్టుడు. ఇది తియ్యగా నుండు విషము. పిల్లలకును, పెంపుడు జంతువులకును అందనీయరాదు. పాత గొట్టము ఊడిరానిచో బలముగా లాగక, కత్తితో పొడవున చీల్చి తీయుడు. రేడియేటరు మెడ విరిగినచో ఖర్చు పదింతలగును. మెడను శుభ్రపరచి, అదే వంపు గల క్రొత్త గొట్టము తొడిగి, మెడమీది గట్టునకు వెనుకగా క్లిప్పు బిగింపవలెను. బిరడాను మరల బిగించిన పిమ్మట, కూలెంటును డిస్టిల్డు వాటరుతో సమపాళ్లుగా కలిపి నెమ్మదిగా పోయుడు. బోరునీరు పోసినచో లోపల పొక్కు కట్టును. మూత తీసియుంచియే చల్లని ఇంజనును నడిపి, బుడగలు ఆగువరకు, మట్టము తగ్గినకొలది నింపి, పిదప మూత వేయుడు. మరునాడు చల్లగా నున్నప్పుడు మరల చూడుడు.

రేడియేటరులో పసుపు వేసినచో కారుట ఆగునని వాడుక కలదు. చిన్న రంధ్రము తాత్కాలికముగా మూసికొనవచ్చును. కాని అదే పసుపు సన్నని గొట్టములను కూడ మూయగలదు. ఊరు చేరుటకు తప్ప దానిని నమ్మరాదు. కాలుచున్న ఇంజనుపై చన్నీళ్లు పోయుట మఱింత ప్రమాదము; లోహము పగులవచ్చును. ద్రవము లేకయే నడిపినచో అల్యూమినియము హెడ్డు వంగిపోవును. గొట్టము ఖరీదుతో తీరవలసినది ఇంజను ఖరీదునకు వచ్చును.

ఆనాడు ఆ డ్రైవరుగారు మాతో ఇంచుమించు గంటసేపు చెట్టు నీడను కూర్చుండిరి. చల్లారిన పిమ్మట మూత తీసి, పగిలిన గొట్టపు కొనను అంగుళముమేర కోసి, మిగిలినదానిని మరల తొడిగి బిగించిరి. మా త్రాగునీటి బిందె రేడియేటరునకు సమర్పితమైనది. డబ్బు ఈయబోగా పుచ్చుకొనలేదు. "తడి కనిపించిన రోజే చూసుకోవాలి సార్" అని మాత్రము చెప్పి లారీ ఎక్కిరి. రేపు ప్రొద్దుట కారు తీయుటకు ముందు, ఒక్కసారి వంగి దాని క్రింద చూడుడు.