కదిరి తేరూ, మెట్ట ఎండా

ఫాల్గుణ మాసంలో కదిరి బ్రహ్మరథోత్సవానికి కొత్తచెరువు వైపు నుంచి వెళ్లేవాళ్ల చూపంతా పైనున్న నరసింహస్వామి మీదే ఉంటుంది. తేరు కింది అంతస్తుల్లో చెక్కిన కొయ్య బొమ్మలను నిలబడి చూసేవాళ్లు తక్కువ.

ఏళ్ల తరబడి ఎండ తగిలిన కొయ్య ఏదైనా బూడిద రంగుకు తిరుగుతుంది. అది చూసి పుచ్చిపోయిందనుకుంటాం. కొయ్యలోని సెల్యులోజ్ నారలను పట్టి ఉంచేది లిగ్నిన్. అతినీలలోహిత కిరణాలు ముందుగా దాన్నే విరగ్గొడతాయి. ఆ ముక్కలను వాన కడిగేస్తే తెల్లటి నారలూ, వాటి మీద నల్ల బూజూ మిగులుతాయి. ఒకటి రెండు మిల్లీమీటర్లు గీకితే చాలు, లోపల అసలు రంగు కనిపిస్తుంది.

అనంతపురం మెట్టన ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. కుళ్లబెట్టే శిలీంధ్రానికి కొయ్యలో 20 శాతం పైగా తేమ ఉండాలి. ఇక్కడ అంత తేమ నిలవదు. కోనసీమ కొయ్యకు కుళ్లు భయమైతే మన కొయ్యకు నెర్రెల భయం. దుంగ ఎండేటప్పుడు వలయాల వెంబడి ఎంత కుంచించుకుంటుందో, నడిమి నుంచి బెరడు వైపు అందులో దాదాపు సగమే. ఆ తేడాకే అది నెర్రెలు విచ్చుతుంది.

నెర్రె కనబడగానే గట్టి లప్పం కూరేస్తారు. వేసవిలో నింపితే వానలకు కొయ్య ఉబ్బి, చోటు చాలక, పక్కన ఇంకో చీలిక వస్తుంది. సన్న నెర్రెను వదిలేయడమే మేలు. నీళ్లు నిలిచేంత వెడల్పుంటే అదే జాతి కొయ్య బద్దను, నారల వరస కలిసేలా, ఒక అంచుకే జిగురు రాసి దించాలి.

దుమ్ము దులపడానికి మెత్తటి బ్రష్షు చాలు. గరుకు కాగితం పట్టారో, బొమ్మ ముక్కూ కనురెప్పా ఉలి జాడతో సహా పొడైపోతాయి. 2020 సెప్టెంబరులో అంతర్వేది రథం కాలిపోతే కొన్ని నెలల్లోనే కొత్తది చేశారు కానీ, పాత వడ్రంగి చేతిపని ఎక్కడి నుంచి తెస్తారు? పిండిలా మెత్తబడిన చోట పారలాయిడ్ బి-72 అనే అక్రిలిక్ రెసిన్‌ను ఎసిటోన్‌లో పలుచగా కలిపి పట్టిస్తారు. ఎసిటోన్ ఆవిరై, రెసిన్ నారల మధ్య నిలుస్తుంది.

మెరిసే వార్నిష్ మాత్రం ఆరుబయటి కొయ్యకు శత్రువనే అంటాను. రంగులేని పూతలోంచి కిరణాలు దూరి అడుగున లిగ్నిన్‌ను విరుస్తూనే ఉంటాయి. పట్టు తప్పిన పొర పెచ్చులుగా ఊడుతుంది. రంగు పొడి కలిసిన పూత ఎండను పైనే ఆపుతుంది.

దూలాల కోసిన కొనలు పక్కల కంటే ఎన్నో రెట్లు వేగంగా నీళ్లు పీలుస్తాయి, పూత ముందు అక్కడ పడాలి. చెదలు ఎక్కువగా నేల నుంచే ఎక్కుతాయి కనుక నిలిపి ఉంచిన తేరు చక్రాల కింద రాతి బండలు ఉండాలి. ప్లాస్టిక్ పట్టా చుడితే తేమ లోపలే చిక్కుతుంది, పైకప్పు వేసి పక్కలు తెరిచి ఉంచితే ఆ ఇబ్బంది ఉండదు.