ఒకే ఫైలు, రెండు కంప్యూటర్లు

సి.ఏ. శిక్షణ కేంద్రాలకు పేరుపొందిన తూర్పు ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో మాది రెండు గదుల అద్దె ఇల్లు. ముందు గదిలో మా పాత కంప్యూటరు, లోపలి గదిలో అమ్మాయి చదువు కోసం కొన్న మరొకటి ఉన్నాయి. రెండింటిలోనూ లైనక్సే. మా తండ్రిగారు స్వదస్తూరితో వ్రాసుకున్న దినచర్య పుస్తకాలను స్కాన్ చేసి పాత యంత్రంలో భద్రపరచాము. వాటిని చూచి టైపు చేసే బాధ్యతను అమ్మాయి స్వీకరించినది. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో అటూ ఇటూ తిరిగేవి. ఒక ఆదివారం మేమే పొరపాటున పాత ప్రతిని కొత్త ప్రతిపై వేసి, ఆమె నెల రోజుల శ్రమను తుడిచివేశాము. ఆమె ఒక్క మాట అనలేదు. అదే మాకు ఎక్కువ బాధ కలిగించినది.

ప్రతులు రెండు ఉండటమే ఈ అనర్థానికి మూలం. ఫైలు ఒకేచోట ఉండి, రెండు యంత్రాలూ దానినే తెరవగలిగితే ఈ చిక్కు ఉండదు. అందుకు సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1984లో రూపొందించిన నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్, అనగా ఎన్.ఎఫ్.ఎస్., నేటికీ చక్కగా ఉపకరిస్తున్నది.

రూటరులో రెండు యంత్రాలకూ స్థిరమైన చిరునామాలు కేటాయించి, పాతదానిలో సర్వరు ప్యాకేజీని ఎక్కించాము. 'ఈటీసీ' డైరెక్టరీలోని 'ఎక్స్‌పోర్ట్స్' ఫైలులో ఏ డైరెక్టరీని, ఏ చిరునామాకు, ఏ అనుమతితో ఇస్తున్నామో ఒక పంక్తి వ్రాయాలి. చిరునామాకూ దాని వెంట వచ్చే బ్రాకెట్టుకూ నడుమ ఖాళీ విడువరాదు. విడిచినచో ఆ అనుమతి ఆ ఒక్క యంత్రానికి గాక అందరికీ వర్తిస్తుంది! పిమ్మట కొత్త యంత్రంలో 'మౌంట్' ఆదేశం ఇవ్వగానే ఫైళ్లన్నీ కనిపించాయి.

కాని అమ్మాయి తాను టైపు చేసిన ఫైలునే సరిదిద్దబోతే అనుమతి లేదన్నది. మా ఫైళ్లను మాత్రం యథేచ్ఛగా మార్చగలుగుతున్నది! కారణం తెలియుటకు ఒక సాయంత్రం పట్టినది. సాధారణ అమరికలో ఎన్.ఎఫ్.ఎస్. మనిషిని పేరుతో గాక సంఖ్యతో గుర్తిస్తుంది. పాత యంత్రంలో మా సంఖ్య 1000, అమ్మాయిది 1001. కొత్తదానిలో మొదటి ఖాతా ఆమెదే గనుక ఆమెకు 1000 వచ్చినది. అందుచే సర్వరు ఆమెను మేమే అనుకున్నది.

అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చివేయమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. తాళం తిరగలేదని తలుపు పీకినట్లుంటుందని మేము అంగీకరించలేదు. కొత్త యంత్రంలో 'యూజర్‌మాడ్'తో ఆమె సంఖ్యను 1001గా మార్చాము. హోమ్ డైరెక్టరీలోని ఫైళ్ల యాజమాన్యం తానే మారినది. తక్కినవాటికి 'చౌన్' ఆదేశం ఇవ్వవలసి వచ్చినది. స్కాన్ చేసిన పుటలను వేరొక డైరెక్టరీలో ఉంచి, చదువుటకు మాత్రమే అనుమతించాము.

కరెంటు పోయి సర్వరు ఆగిపోతే ఆమె తెర బిగుసుకుపోతుంది. కంగారు పడనక్కరలేదు. 'హార్డ్' పద్ధతిలో మౌంట్ చేసినందున సర్వరు మరల లేచేవరకు వేచియుండి పని కొనసాగిస్తుంది. అయితే మూల ప్రతి ఒక్కటే గనుక ఆ డిస్కు చెడితే అన్నీ పోతాయి. కనుక ప్రతి ఆదివారం వేరొక డిస్కుకు నకలు తీసి బీరువాలో పెడుతున్నాము.

పోయిన పుటలను తిరిగి టైపు చేసే పని మేము తీసుకున్నాము. తండ్రిగారి గొలుసుకట్టు వ్రాతలో అమ్మాయికి అంతుపట్టని మాటలు కొన్ని మాకు తెలుస్తున్నాయి.