సముద్రపు అక్వేరియం చేపలలో తెల్లమచ్చల వ్యాధి – చికిత్స

ఉప్పునీటి అక్వేరియంలలో పెంచే క్లౌన్, డామ్‌సెల్, సర్జన్ వంటి అలంకరణ చేపల చర్మాన్ని, మొప్పలను ఆశించే వ్యాధులలో తెల్లమచ్చల వ్యాధి ముఖ్యమైనది. దీనికి కారణం క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ పరాన్నజీవి. వైరస్ వలన రొయ్యలకు సోకే తెల్లమచ్చల వ్యాధికి, దీనికి పేరులో తప్ప పోలిక లేదు. మచ్చలు మాయం కాగానే చికిత్స ఆపివేస్తే ఈ వ్యాధి మరింత తీవ్రంగా తిరగబెడుతుంది.

లక్షణాలు: శరీరంపై ఉప్పురవ్వల వంటి తెల్లని చుక్కలు ఏర్పడతాయి. చేపలు రాళ్లకు ఒరుసుకుంటాయి, మేత తగ్గిస్తాయి, వేగంగా శ్వాసిస్తాయి. పరాన్నజీవి మొప్పలకే పరిమితమైతే మచ్చలు కనిపించకుండానే చేపలు మరణించవచ్చు. చర్మంపై బంగారు రంగు ధూళి వంటి పూత ఉంటే అమైలూడినియం వ్యాధిగా, కాలీఫ్లవర్ వంటి బుడిపెలు ఉంటే లింఫోసిస్టిస్ వైరస్ వ్యాధిగా అనుమానించాలి. చర్మపు జిగురును సూక్ష్మదర్శినితో పరీక్షించి వ్యాధిని నిర్ధారించాలి.

జీవిత చక్రం: పరాన్నజీవి చేప పైచర్మం కింద 3 నుండి 7 రోజులు పెరిగి, రాలిపోయి, తొట్టె అడుగున గట్టి కోశం ఏర్పరచుకుంటుంది. మచ్చలు మాయమయ్యేది ఈ దశలోనే. కోశంలో విభజన చెంది, కొన్ని రోజుల నుండి కొన్ని వారాలలో అనేక పిల్లజీవులుగా వెలువడి చేపలను వెతుకుతుంది. చర్మం కింద, కోశంలో ఉన్నప్పుడు మందు సోకదు. నీటిలో ఈదే దశలో మాత్రమే పనిచేస్తుంది.

చికిత్స: చేపలను వేరొక తొట్టెలోకి మార్చి, నీటిలో రాగి అయాన్ల గాఢతను లీటరుకు 0.15–0.20 మి.గ్రా.కు క్రమంగా పెంచి, కనీసం 3 వారాలు నిలపాలి. గాఢతను రోజుకు రెండుసార్లు పరీక్షించాలి. తగ్గితే ఫలితం ఉండదు, పెరిగితే చేపలకే విషమవుతుంది. పగడాలు, రొయ్యలు, నత్తలు రాగిని తట్టుకోలేవు. పగడపు ఇసుక, సున్నపురాయి రాగిని పీల్చుకుంటాయి కనుక చికిత్స తొట్టెలో వాటిని ఉంచరాదు.

మందు లేని పద్ధతిలో చేపలను 3 రోజులకొకసారి, నాలుగు పర్యాయాలు, శుభ్రపరచి ఆరబెట్టిన తొట్టెలోకి మార్చాలి. రాలిన కోశాలు పాత తొట్టెలోనే మిగిలిపోతాయి.

నివారణ: కొన్ని కోశాలు 70 రోజుల తరువాత కూడా చిట్లుతాయి. కాబట్టి ప్రధాన తొట్టెను సుమారు 11 వారాలు చేపలు లేకుండా ఉంచాలి. కొత్త చేపలను కనీసం 30 రోజులు విడిగా పరిశీలించిన తరువాతే అందులో విడవాలి. వలలు, పరికరాలు తొట్టెకు వేర్వేరుగా ఉండాలి.