తలుపు దిగితే తప్పు తాళానిది కాదు

పాత కారు తలుపు చివర పట్టి కాస్త పైకెత్తి కొడితే తప్ప పడదు. జనగామలోనైనా, మానుకోటలోనైనా, భూపాలపల్లిలోనైనా ఇది మామూలే. ‘డోర్ దిగింది’ అంటారు. వెంటనే చెయ్యి తాళం వైపు పోతుంది. స్తంభానికి బిగించిన కొక్కెం బోల్టులు వదులు చేసి కాస్త కిందికి జరిపితే ఐదు నిమిషాల్లో తలుపు పడుతుంది కూడా. కానీ అరిగింది కొక్కెం కాదు. దానికి మీటరు దూరంలో, మడతబందు లోపల, ఒక మిల్లీమీటరు లోహం పోయింది. ఆ లోటు పూడ్చనిదే ఏం చేసినా అది సర్దుబాటే, రిపేరు కాదు.

మడతబందు పుట్టకముందు తలుపులు మొనల మీద తిరిగేవి. పాత గుళ్ళల్లో, కోటల్లో గడప రాతిలోనూ పైకమ్మిలోనూ గుంటలు తొలిచి, రెక్క అంచున పైకీ కిందికీ పొడుచుకొచ్చిన మొనల్ని వాటిలో కూర్చోబెట్టేవారు. అంత బరువైన కొయ్య తలుపు వేలాడిపోకుండా ఎలా నిలిచింది? రెండు గుంటల మధ్య దూరం తలుపంత ఎత్తు. బరువు ముందుకు ఒరగబోతే పై గుంట పట్టి ఆపాలి, కింది గుంట తోసి ఆపాలి. ఆ రెంటి మధ్య దూరం ఎంత ఎక్కువైతే ఒక్కోదాని మీద పడే బలం అంత తక్కువ. పిన్ను చుట్టూ రెండు రేకులు తిరిగే మడతబందు వచ్చాక గడపను తొలిచే పని తప్పింది, తలుపు ఊడదీయడం తేలికైంది. కానీ కారు దగ్గరికొచ్చేసరికి పాత కొలత చెడింది. పైన అద్దం, కింద చక్రం వంపు ఉండడంతో రెండు బందులూ దగ్గర దగ్గరగా నడిమికి చేరాయి.

లెక్క కట్టి చూద్దాం. తలుపు బరువు 25 కిలోలు, ఆ బరువు కేంద్రం బందులకు 50 సెంటీమీటర్ల అవతల, బందుల మధ్య ఎడం 35 సెంటీమీటర్లు అనుకుంటే, పై పిన్నును పక్కకు లాగే బలం సుమారు 36 కిలోలు. తాళం 105 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, పై బందులో ఒక్క మిల్లీమీటరు అరుగుదల అక్కడ మూడు మిల్లీమీటర్ల దిగుడు. పెద్దవాళ్ళు కారు దిగుతూ తెరిచిన తలుపు చివర 30 కిలోల భారం మోపితే పై పిన్ను మీద మరో 90 కిలోలు పడుతుంది. లాగుడు ఎప్పుడూ ఒకే వైపు కాబట్టి రంధ్రం గుండ్రంగా పెద్దదవదు, కోడిగుడ్డులా సాగుతుంది. దుమ్ము, భూపాలపల్లి లాంటి చోట బొగ్గుపొడి, పాత గ్రీజులో కలిస్తే ఆ గ్రీజే సానరాయి పని చేస్తుంది.

కొక్కెం జరిపితే చాలదా? తాళం పడుతుంది, నిజమే. కానీ తలుపు వంకర అలాగే ఉంటుంది. రబ్బరు ఒక మూల ఆనదు, వానాకాలం నీళ్ళు లోపలికొస్తాయి, అరుగుడు సాగుతూనే ఉంటుంది. మరి బందునే కాస్త వంచితే? గుద్దుకొని వంగిన బందుకైతే అది న్యాయం. పిన్ను వదులైన బందును వంచితే వదులు ఎక్కడికీ పోదు. పైగా బందు ప్రమాదంలో ప్రాణం కాపాడే భాగం. ఐక్యరాజ్యసమితి 11వ నంబరు వాహన నిబంధన ప్రకారం బందులు పొడవు దిశలో 11,000 న్యూటన్ల లాగుడుకు, అంటే సుమారు 1,100 కిలోల బలానికి ఊడకూడదు. అలాంటిదాన్ని ఎర్రగా కాల్చి సుత్తితో కొట్టడం తగదు. కొత్త బందు దొరికి, బోల్టులతో బిగించేదైతే అదే మంచిది, వాదన లేదు. అయితే అంబాసిడర్, మారుతి 800 రెండూ 2014లోనే ఆగిపోయాయి. తుక్కు కొట్టు బందు కూడా మీ బందంత వయసుదే.

అందుకే లేత్. తలుపు కింద చెక్క పెట్టి జాకీ ఆనించి, పిన్ను తీసి, సాగిన రంధ్రాన్ని రీమర్‌తో గుండ్రం చేసి, ఇత్తడి బుష్ బిగువుగా దిగ్గొట్టి, కొత్త ఉక్కు పిన్ను వెయ్యాలి. ఇత్తడి మెత్తన కదా, త్వరగా అరగదా? అరగాలనే వేసేది. జనగామ పక్కనున్న పెంబర్తిలో ఇత్తడి నగిషీకి లొంగే గుణమే ఇక్కడా పనికొస్తుంది. పిన్నూ బందూ మిగిలి, చవకైన బుష్ అరిగిపోవాలి.

లేత్‌కు పోయేటప్పుడు పాత పిన్ను పారేయకుండా వెంట తీసుకెళ్ళండి. దాని అరగని కొన దగ్గర కొలిస్తేనే అసలు సైజు తెలుస్తుంది.